కండ పెరిగే రోజు

"గ్యాస్ బండ వచ్చింది, లోపల పెట్టు. కండలు పెంచినవ్ గదా" అన్నాడు శాంతిరాజ్, వరండాలో కుర్చీలోంచి కాలు కూడా కదపకుండా.

మా ఆయనే. బండ తెచ్చిన మనిషి నా వంక ఒకసారి, ఆయన వంక ఒకసారి చూసి, మొగుడూ పెళ్లాల మధ్య తనకెందుకనుకున్నాడేమో, గేటు దగ్గరే దించేసి వెళ్లిపోయాడు. నేనే తీసుకెళ్లి లోపల పెట్టుకున్నాను. బరువు నాకొక లెక్క కాదు. ఆ మాట అన్న తీరు ఉంది చూశారూ, దానికి ఒళ్లు మండింది. జిమ్‌కు పోతానన్నప్పుడు పొట్ట పట్టుకుని నవ్విన మనిషే ఇతను. ఆడదానికి బరువులెందుకు, మగరాయుడిలా తయారవుతావా అన్నాడు. తీరా ఏడాది తిరక్కముందే, అద్దంలో నాకే సరిగ్గా కనబడని కండలు ఇంట్లోవాళ్లకు కనబడిపోయాయి. ఆ రోజు నుంచి ఇంట్లో బరువున్న ప్రతి వస్తువుకూ నా పేరు పెట్టేశారు. బియ్యం బస్తా వస్తే డెబోరా. బీరువా జరపాలంటే డెబోరా. నల్లా రాని రోజు నీళ్ల డ్రమ్ముకూ డెబోరాయే. ఆఫీసులోనూ అదే తంతు. ఇదివరకు నీళ్ల క్యాను ఎత్తి పెట్టడానికి అటెండర్లిద్దరు వంతులు వేసుకునేవారు. ఇప్పుడు మా హెడ్ క్లర్కు పోశం కాక తలెత్తకుండానే, డెబోరా ఉన్నది గదా అంటాడు. ఆయన చెడ్డవాడు కాదు. నన్ను బిడ్డా అనే పిలుస్తాడు. కాకపోతే బిడ్డ అన్నాక చాయ్ పొయ్యాలి, టేబుళ్లు తుడవాలి, ఇప్పుడు కొత్తగా క్యాన్లు కూడా మొయ్యాలి.

నేను బొగ్గు కంపెనీలో జనరల్ మజ్దూర్‌ని. మా నాన్న డ్యూటీలో ఉండగానే జబ్బు చేసి పోతే ఆయన ఉద్యోగం నాకు వచ్చింది. వచ్చింది అంటే అంత సులువుగా ఏం రాలేదు. ఈ ప్రాంతంలో తండ్రి ఉద్యోగం కొడుక్కి పోతుంది, కొడుకు లేకపోతే అల్లుడికి పోతుంది. కూతురి సంగతి ఎవరికీ గుర్తుకు రాదు. మా వాళ్లు కూడా అల్లుడికే పెట్టిద్దామని కూర్చున్నారు. అప్పటికే శాంతిరాజ్ వాళ్ల నాయన ఉద్యోగంలో చేరి ఉన్నాడు కాబట్టి, మనిషికి రెండు ఉద్యోగాలు ఇవ్వరు కాబట్టి, చివరికి అది నాకు దక్కింది. చేరిన రోజు నన్ను పైనుంచి కింది దాకా చూసి, ఈ పిల్ల పార ఏం పడతది, ఆఫీసులో వేద్దాం అన్నారు. అంతే, అప్పటి నుంచి చాయ్ కప్పులే. జీతం మజ్దూర్‌ది, పని ఇంట్లో చేసిందే. పార పట్టగలవా అని ఒక్కరూ అడగలేదు. అడిగి ఉంటే పడతాననే చెప్పేదాన్ని.

నా నడుము విరగ్గొట్టింది ఉద్యోగం కాదు, ఇల్లు. మా మామ అంద్రెయ భూగర్భ గనిలో జీవితమంతా పని చేసి, ఒంట్లో బాగాలేక ఉద్యోగం కొడుక్కిచ్చి దిగిపోయాక పక్షవాతంతో మంచాన పడ్డాడు. ఎత్తయిన మనిషి, బరువైన ఒళ్లు. పొద్దున మంచం మీద నుంచి కుర్చీలోకి, కుర్చీలోంచి బాత్రూమ్‌కు, మళ్లీ మంచం మీదకు, అన్నిసార్లూ నేనే. శాంతిరాజ్‌కు షిఫ్టులు. షిఫ్టు లేనప్పుడు, నాయనను అట్ల చూడబుద్ధి కాదని బయటికి పోయేవాడు. ఎంత సున్నితమైన మనసో చూడండి. చూడబుద్ధి అయినా కాకపోయినా నేను చూసుకున్నాను. మామ మంచివాడు. నేను ఎత్తిన ప్రతిసారీ, నీకు బరువైతిని బిడ్డా అని కళ్ల నీళ్లు పెట్టుకునేవాడు. ఆ మాట అనే మనిషి ఆ ఇంట్లో ఆయనొక్కడే కాబట్టి ఆయనంటే నాకు ప్రేమ. ఆయన పోయేనాటికి నా నడుము పోయింది. వంగితే లేవలేను, లేస్తే వంగలేను. దవాఖానలో గోలీలు రాసిచ్చి రెస్టు తీసుకొమ్మన్నారు. రెస్టు తప్ప అన్నీ తీసుకున్నాను.

అలాంటప్పుడు దొరికింది జూహీ. ఖని చౌరస్తా దాటాక వాళ్ల నాన్న ఖైజర్‌కు మెకానిక్ షెడ్డు ఉంది. ఆ షెడ్డు పక్క షట్టర్‌లో ఆ అమ్మాయి ఆడవాళ్లకు జిమ్ పెట్టింది. పీఈటీ చదివింది, ఉద్యోగం కోసం ఎదురుచూడకుండా రాడ్లూ ప్లేట్లూ పోగేసుకుంది. ప్లేట్లు కొన్ని కొన్నవి, కొన్ని వాళ్ల నాన్న లారీల పాత ఇనుము కోసి చేసిచ్చినవి. నేను వెళ్లి, నడుము నొప్పమ్మా, నాకేమైనా తేలికైనవి నేర్పించు అంటే, నా మొహంలోకి చూసి నవ్వి, తేలికైనవి నువ్వు రోజంతా చేస్తనే ఉన్నవ్ కదక్క అంది. ఆ మాట నాకు ఆ రోజు ఎక్కలేదు.

ఆమె పద్ధతి వింటే ఎవరికైనా మోసం అనిపిస్తుంది. వారానికి రెండుసార్లు రావాలి, అంతే. వచ్చినప్పుడు మూడో నాలుగో కసరత్తులు. ముందు కొంచెం బరువుతో ఒళ్లు వేడెక్కించాలి. తర్వాత అసలు బరువుతో ఒక్కటే సెట్టు. నెమ్మదిగా ఎత్తాలి, అంతకంటే నెమ్మదిగా దించాలి. ఇక ఒక్కటి కూడా రాదు, పైనుంచి దేవుడు దిగొచ్చి అడిగినా రాదు అనేదాకా ఎత్తాలి. అంతటితో సరి. దాన్ని మళ్లీ ముట్టుకోకూడదు. ఇంటికి పోయి తిని పడుకోవాలి. మొదటి రోజు అరగంటలో అంతా అయిపోతే నాకు సిగ్గేసింది. ఇంత చిన్న పనికి ఇంత దూరం వచ్చానా అనిపించి, జూహీ అటు తిరగగానే ఇంకో సెట్టు మొదలుపెట్టాను. ఆ పిల్ల పరుగెత్తుకొచ్చి రాడ్డు పట్టుకుంది. "ఇది డ్యూటీ కాదక్క, ఎక్కువ చేస్తే మస్టర్ పడదు. బస్" అంది. మస్టర్ అంటే మాకు హాజరు, హాజరు పడితేనే జీతం. పనిని ఆపమని ఒక మనిషి నాతో అనడం నా జీవితంలో అదే మొదటిసారి. నమ్ముతారో నమ్మరో, ఏడుపొచ్చింది.

నడుము నొప్పి పోయింది. పోవడమే కాదు, వీపు నిటారుగా నిలబడింది, తొడలు గట్టిపడ్డాయి, భుజాలకు గుండ్రం వచ్చింది. జాకెట్లు చేతుల దగ్గర బిగుతై టైలర్ దగ్గరికి తీసుకుపోతే అతను, లావైనవమ్మా అన్నాడు. లావు కాదు, కండ అన్నాను. అంటుంటే ఎంత బాగుందో. బస్సెక్కేటప్పుడు రాడ్డు పట్టుకుంటే నా చెయ్యి నాకే నచ్చేది. పెళ్లయ్యాక నా ఒంట్లో ఒక భాగాన్ని నేను ఇష్టంగా చూసుకోవడం అదే మొదలు. బస్సులో వెనకనుంచి మీద పడే మనుషులు కూడా ఎందుకో కొంచెం దూరంగా నిలబడడం మొదలుపెట్టారు.

కానీ కండకు తిండి కావాలి, విశ్రాంతి కావాలి. తిండి దగ్గరే మా ఇంట్లో మొదటి యుద్ధం జరిగింది. మా అత్త రాహేలు గుడ్లు ఉడకబెడితే కొడుక్కి రెండు, మనవరాలికి, మా పాప కెజియాకు ఒకటి. నాకు చారు. నేను నాకోసం విడిగా గుడ్లు తెచ్చుకుని పొద్దున్నే తినడం మొదలుపెడితే ఆమె పళ్లెంలోకి చూస్తూ నిలబడేది. ఆడిదానికి గన్ని గుడ్లెందుకు, వేడి చేస్తది అనేది. మొగోడు బొగ్గుబాయి మీద కష్టం చేస్తడు, వానికి బలం కావాలె అనేది. ఆ కష్టం సంగతి కూడా చెప్తాను. శాంతిరాజ్ పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్ట్ గనిలో డంపర్ లారీ నడుపుతాడు. ఏసీ క్యాబిన్. మెత్తటి సీటు. అది కష్టం కాదని నేననను, ఆ దుమ్ములో ఆ మలుపుల మీద అంత పెద్ద బండి నడపడం మాటలు కాదు. కానీ ఆయన రోజుకు ఎత్తే బరువు స్టీరింగూ, టిఫిన్ డబ్బా. గుడ్లు నాకు కూడా కావాలత్తమ్మా అన్నాను. తిన్నాను. రోజూ తిన్నాను. కొన్నాళ్లకు ఆమె చూడడం మానేసింది. ఆ యుద్ధం నేనే గెలిచాను. విశ్రాంతి అన్నది అసలు యుద్ధం అని అప్పటికి నాకు తెలియదు.

రెస్క్యూ నోటీసు ఆఫీసు బోర్డు మీద అంటించింది నేనే. గమ్ము రాసి, నాలుగు మూలలూ అద్ది, వెనక్కి జరిగి నిటారుగా ఉందో లేదో చూస్తుంటే అక్షరాలు కనబడ్డాయి. గనిలో ప్రమాదం జరిగితే లోపలికి వెళ్లి మనుషులను బయటికి తెచ్చే రెస్క్యూ జట్టు శిక్షణకు ఈసారి ఆడవాళ్లు కూడా దరఖాస్తు చేసుకోవచ్చట. శరీర దారుఢ్య పరీక్ష ఉంటుంది. ముప్పై అయిదు లోపు వయసు ఉండాలి. నాకు ముప్పై నాలుగు. మళ్లీ ఎప్పుడు పిలుస్తారో తెలియదు, పిలిచినా నా వయసు ఆగదు. ఆ రోజు చాయ్ పోస్తుంటే కప్పు నిండి సాసర్లోకి పొర్లింది. ఇన్నేళ్లూ కప్పులు మోసిన చేతులతో మనుషులను మోసుకురావచ్చు అనే ఆలోచనలో పడి. పోశం కాక దరఖాస్తు మీద సంతకం పెడుతూ, మరి చాయ్ ఎవరు పోస్తరు బిడ్డా అన్నాడు. నిజంగానే అడిగాడు పాపం, ఆయన దిగులు ఆయనది.

ఇంట్లో చెప్తే శాంతిరాజ్ భోజనం ఆపి నవ్వాడు. గని కూలితే నువ్వు పోయి మొగోళ్లను మోసుకొస్తవా అన్నాడు. మీ నాయనను రోజూ ఎత్తింది నేనే, ఆయన ఆడమనిషి కాదు కదా అని నోటిదాకా వచ్చింది. పక్కనే అత్త ఉందని మింగేశాను.

పరీక్ష ఒక సోమవారం పడింది. దానికి ముందు రోజు, ఆదివారం, మామ వర్ధంతి ప్రార్థన కూడిక. పోయి ఏడాది. మా వాళ్లలో ఏడాది కూడిక అంటే చిన్నదేం కాదు. పాస్టర్ గారు, సంఘం మొత్తం, మంచిర్యాల నుంచి ఆడబిడ్డ వాళ్లు, కమాన్‌పూర్ నుంచి మామ అన్నదమ్ముల పిల్లలు, పాత బాయి దోస్తులు. క్వార్టర్ ముందు టెంటు, బగారన్నం, కోడికూర. వంటమనిషిని పెడదామంటే, కోడలుండి బయటోళ్లతోని వండిస్తే ఇజ్జత్ ఉంటదా అన్నాడు శాంతిరాజ్. సరేనన్నాను. కూడిక పనులు పది పదిహేను రోజుల ముందే మొదలయ్యాయి. దుప్పట్లన్నీ ఉతికాను. గోడలు దులిపాను. మధ్యాహ్నం గనిలో బ్లాస్టింగ్ అయినప్పుడల్లా పగుళ్లలోంచి సున్నం రాలుతుంది, అది ఎత్తి పోసి మళ్లీ తుడిచాను. అటక మీది పెద్ద గంజులు దించి తోమాను. ఇవన్నీ ఆఫీసు అయ్యాక, ఆఫీసుకు ముందు.

ఆ వారం జిమ్‌లో రాడ్డు లేవలేదు. అంతకుముందు నెల ఎత్తిన బరువే. నేల మీద నుంచి మోకాలి దాకా వచ్చి అక్కడే ఆగి, కిందికి దిగిపోయింది. ప్లేట్లు తీసి తక్కువ చేశాం. అదీ అంతే. ఇక అయిపోయింది, వయసైపోయింది, పోశం కాక చాయ్ భద్రంగా ఉంటుంది అనుకున్నాను. జూహీ నన్ను నేల మీద కూర్చోబెట్టి నీళ్లిచ్చి, నిన్న ఏం చేసినవక్క అని అడిగింది. చెప్పాను. మొన్న? చెప్పాను. చెప్పేకొద్దీ ఆ పిల్ల మొహం గంటు పెట్టుకుంది.

"నీకు బలం తగ్గలేదక్క. నీకు రెస్టు లేదు" అంది. "కండ నువ్వు లేపేటప్పుడు పెరగదు, నువ్వు పండుకున్నప్పుడు పెరుగుతది. నువ్వు ఈడ అరగంట లేపుతున్నవ్, ఇంట్ల పొద్దుందాక లేపుతున్నవ్. మరి పెరిగేదెప్పుడు? ఇప్పటికెళ్లి సోమవారం దాక ఏం ముట్టుకోకు. ఈడికిగూడ రాకు. గట్ల చేయనంటే ఆ పరీక్షకు పోయి నడుము ఇరగ్గొట్టుకోకు, ఇంట్లనే ఉండు."

బస్సులో వస్తుంటే మా అమ్మ గుర్తొచ్చింది. మా అమ్మ ఎత్తని బరువు లేదు. ఇటుక బట్టీలో ఇటుకలు మోసింది, కట్టెలు మోసింది, బిందెలు మోసింది, మమ్మల్ని మోసింది. అన్ని బరువులు మోసిన మనిషికి కండలు తిరిగి ఉండాలి కదా? అరవై నిండకముందే పీట మీద నుంచి లేవలేకపోయేది. గోడ పట్టుకునేది, నన్ను పట్టుకునేది, మోకాళ్ల మీద చేతులు ఆనించి యేసయ్యా అని మూలిగేది. చేతులు ఎండు పుల్లల్లా ఉండేవి. చిన్నప్పుడు నేను, అమ్మ కష్టం చేసీ చేసీ అరిగిపోయింది అనుకునేదాన్ని. అరిగింది కష్టానికి కాదు. కష్టం అందరికంటే ఎక్కువ చేసి, అందరికంటే తక్కువ తిని, ఒక్కరోజు కూడా నడుము వాల్చకపోవడం వల్ల. బరువు మనిషిని బలంగా చేస్తుంది, నిజమే. కాకపోతే దించిన తర్వాత కాసేపు వదిలెయ్యాలి. మా అమ్మను ఎవరు వదిలేశారు? నన్నెవరు వదిలేశారు? అడిగితే కదా వదిలెయ్యడానికి అని కూడా అనిపించింది, ఆ కోపం సగం నా మీదే వచ్చింది.

శాంతిరాజ్ ఫస్ట్ షిఫ్టు దిగి వచ్చి, చాయ్ తాగి, కుర్చీలో కూర్చున్నాక చెప్పాను. ఈ రెండు మూడు రోజులు నేను ఆఫీసు తప్ప ఏ పనీ చెయ్యను, శని ఆదివారాలు అసలే చెయ్యను, కూడికకు వంటమనిషిని చూసుకోమన్నాను. ముందు అర్థం కానట్టు చూశాడు. తర్వాత గొంతు లేచింది. మా నాయన కూడికకు మా ఇంటి కోడలు కాలు మీద కాలేసుకుని కూసుంటదా, మంది ఏమనుకుంటరు, నీకు సోయి ఉన్నదా అన్నాడు. మీ నాయన బతికుంటే నన్ను పోయి రమ్మనేవాడు అన్నాను. అది ఆయనకూ తెలుసు. అందుకే ఇంకా కోపం వచ్చింది.

మా బొగ్గు బాయిల మీద వారపు సెలవును ప్లే డే అంటారు. ఆ రోజు డ్యూటీ చేస్తే రెండింతల జీతం. అందుకే ప్లే డే డ్యూటీ కోసం ఇక్కడ మగవాళ్లు కొట్లాడుకుంటారు, దొరికినవాడు గొప్పవాడు, ఇంట్లో పడుకున్నవాడు చేతగానివాడు. నేనూ ఈ గాలిలోనే పుట్టాను కాబట్టి విశ్రాంతి అంటే నష్టం అనే అనుకున్నాను ఇన్నాళ్లూ. డ్యూటీ దొరకని ప్లే డే నాడు మా ఇల్లు ఎలా ఉంటుందో చెప్పనా? టీవీ గొంతు తగ్గుతుంది. కెజియా గెంతితే అత్త అదిలిస్తుంది, డాడీ రెస్టుల ఉన్నడు అని. మటన్ వండుతాను. ఆయన లేచేదాకా నేను గిన్నెలు కూడా చప్పుడు కాకుండా తోముతాను.

"నీకు ప్లే డే ఉన్నది" అన్నాను. "ఆ రోజు పనికి రమ్మంటే కంపెనీ నీకు డబుల్ ఇస్తది. ఎందుకిస్తది? అది నీ రెస్టు గనుక, దాన్ని తీసుకుంటున్నది గనుక. ఈ ఇంట్ల నా ప్లే డే ఏ రోజో చెప్పు. ఆ ఒక్క రోజు ఇచ్చి మిగిలిన రోజులన్ని చేయించుకో."

వారాలన్నీ మనసులో వెతుక్కుంటున్నట్టు కాసేపు గోడ వంక చూశాడు. దొరకలేదు. చివరికి, అమ్మకు నువ్వే చెప్పుకో అని చొక్కా వేసుకుని బయటికి పోయాడు. అత్తకు చెప్పాను. ఆమె ఒక్క మాట కూడా మాట్లాడలేదు. మాట్లాడకపోవడం ఆమె తిట్టే తిట్లన్నిటిలోకి పెద్దది.

శనివారం పొద్దున ఆటోలో బియ్యం, ఉల్లిగడ్డలు, నూనె డబ్బాలు వచ్చాయి. శాంతిరాజ్ వంటమనిషి మాట ఎత్తనే లేదు. చివరి నిమిషంలో నేనే కరిగిపోతానని ఆయన ధీమా. గేటు దగ్గర నిలబడి అలవాటుగా డెబోరా అని కేకేశాడు. నేను వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. వినబడిందన్నట్టు తల ఊపాను, లేవలేదు. ఎంత కష్టమనుకున్నారు ఆ కూర్చోవడం. నేను ఎత్తిన ఏ రాడ్డూ అంత బరువు లేదు. చేతులు దురద పెట్టాయి. ఉల్లిగడ్డల సంచి పక్కకు ఒరుగుతుంటే, సర్దితే పోలా అనిపించింది. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను.

అత్త గుమ్మం లోపల పీట మీద కూర్చుని ఎల్లిగడ్డ పొట్టు తీస్తోంది. కొడుకు కేకా, నా తల ఊపూ రెండూ చూసింది. నేనే మోస్త తియ్, ఈ ఇంట్ల ఇంకెవరున్నరు అంటూ పళ్లెం పక్కకు నెట్టి లేవబోయింది. లేవలేకపోయింది. నేల మీద చెయ్యి ఆనించింది. గడప పట్టుకుంది. మోకాళ్లు సహకరించలేదు. ఇంకోసారి ప్రయత్నించి కూలబడింది. కోపంతో మొదలుపెట్టింది కానీ ఆ మొహంలో ఇప్పుడు కోపం లేదు, భయం ఉంది. నా కాళ్లు వాటంతటవే లేవబోయాయి. ఒక్క ఊపులో ఆమెను లేపేయగలను. లేపితే ఏమవుతుందో కూడా తెలుసు. లేపాక బియ్యం బస్తా, దాని తర్వాత గంజులు, వాటి తర్వాత పొయ్యి. సోమవారం నేల మీద నుంచి లేవని రాడ్డు.

"మీ అమ్మ లేవలేకపోతున్నది, రా" అని శాంతిరాజ్‌ను పిలిచాను.

వచ్చి రెక్క పట్టుకుని గుంజాడు. అమ్మో అని అరిచింది ఆమె. వదిలేశాడు. ఈసారి వెనక నుంచి వంగి నడుము పట్టుకోబోయి తనే మూలిగాడు. ఇంత వయసొచ్చింది, అమ్మనూ నాయననూ ఒక్కసారి కూడా ఎత్తలేదు, ఎలా తెలుస్తుంది. నా వంక చూశాడు. మొట్టమొదటిసారి ఆ చూపులో ఎగతాళి లేదు.

"గుంజకు. ముందట కూసో. నడుము వంచకు, మోకాళ్లు వంచు" అన్నాను కుర్చీలోంచే. "ఆమె చేతులు నీ మెడ చుట్టు వేయించుకో. దగ్గరికి, ఇంకా దగ్గరికి తీసుకో. ఊపిరి బిగబట్టు. ఇప్పుడు కాళ్లతోని లే."

లేచాడు. ఇద్దరూ లేచారు. తల్లిని పట్టుకుని అలాగే నిలబడి రొప్పాడు, చెమటలు పట్టాయి. అత్త కొడుకు మెడ చుట్టూ ఉన్న చేతులు తియ్యకుండా నా వైపు చూసింది. చాలాసేపు చూసింది. ఇష్టంగా చూసిందా, కోపంగా చూసిందా అంటే చెప్పలేను.

"మీ నాయనను ఇది రోజు గిట్లనే లేపిందిరా" అంది. "నువ్వు ఒక్కనాడన్న చూసినవా?"

శాంతిరాజ్ తల్లిని మంచం మీద కూర్చోబెట్టి, బయటికి వచ్చి, ఆటో దగ్గర బస్తాల వంక చూశాడు. ఒకటొకటి తనే దించాడు. రెండోదానికి మోకాళ్లు వంచడం నేను గమనించాను. తర్వాత మంచిర్యాలలో చెల్లెలికి ఫోన్ చేసి, మీ దిక్కు వంటోళ్లు ఎవరన్న ఉంటే జల్ది పంపు అన్నాడు. నేను లోపలికి పోయి పడుకున్నాను. పట్టపగలు, ఇంట్లో పని ఉండగా, తలుపు తీసే ఉంచి. ముందు తలుపు వైపే చూస్తూ పడుకున్నాను, ఎవరో వచ్చి లేపుతారన్నట్టు. తర్వాత నిద్ర పట్టింది. లేచేసరికి కెజియా నా పక్కన కూర్చుని, మమ్మీ రెస్టుల ఉన్నదని వాకిట్లో పిల్లలను అదిలిస్తోంది.

ఆదివారం కూడిక బాగా జరిగింది. ముందు వరసలో కూర్చుని మామ కోసం పాడాను, ఏడ్చాను. మనసారా ఏడవడానికి కూడా తీరిక కావాలని ఆ రోజే తెలిసింది. బంధువులు గుసగుసలాడలేదని చెప్పను. ఆడబిడ్డ అత్త దగ్గరికి వంగి, వదినకు ఒంట్ల బాగలేదా అని అడగడం నాకు వినబడింది. మంచిగనే ఉన్నది, రేపు దానికి డ్యూటీ ఉన్నది అని చెప్పి అత్త పాస్టర్ గారికి కుర్చీ జరపమని కొడుక్కి పురమాయించింది.

సోమవారం రెస్క్యూ స్టేషన్ మైదానంలో ఇంకొందరు ఆడవాళ్లు ఉన్నారు, వేరే ఏరియాల నుంచి వచ్చినవాళ్లు. మెట్లు ఎక్కించారు, పరుగెత్తించారు, స్ట్రెచర్ ఒక కొస పట్టించి నడిపించారు. చివరిగా బొమ్మ. మనిషంత ఎత్తు, మందపాటి గుడ్డలో ఇసుక కుట్టి మగమనిషి బరువు పెట్టారు. దాన్ని నేల మీద నుంచి లేపి, ఈ గీత నుంచి ఆ గీత దాకా మోసుకుపోవాలి. నా ముందు ఇద్దరు దాన్ని ఈడ్చుకుపోయారు. నేను దాని ముందు కూర్చున్నాను. చేతులు నా మెడ చుట్టూ వేసుకున్నాను, దగ్గరికి హత్తుకున్నాను, లేచాను. మోకాళ్ల దగ్గర ఆగుతుందేమోనని ఒక్క క్షణం అనుకున్నాను. ఆగలేదు. ఒళ్లంతా నాదేనన్నట్టు, ఒక్క ముక్కలా కదిలింది. గీత దాటి, నెమ్మదిగా దించాను. విసిరెయ్యలేదు. మనిషైతే విసిరెయ్యం కదా.

పరీక్ష పెట్టే సారు పెద్దాయన, జట్టులో చాలా ఏళ్లు పనిచేసిన మనిషి. నా పేరు పక్కన టిక్కు పెట్టి, పక్కనున్న అధికారితో శభాష్ అన్నట్టు తల ఊపి, నా వైపు తిరిగి మెచ్చుకోలుగా నవ్వాడు.

"ఇంత బలం ఏడికెళ్లి వచ్చిందమ్మ? ఇంట్ల పని బాగ చేస్తవా?"

"లేదు సార్" అన్నాను. "ఇంట్ల పని ఆపితే వచ్చింది."